వరండాలో నడక పాఠం

"ఒరేయ్, ఇవాళ విప్పించుకోవద్దురా. ఇంకొన్నాళ్ళు ఉండనీ. కట్టు తియ్యగానే లోపల అతికించింది కాస్తా ఊడిపోతే ఏం చేస్తాం?"

టాక్సీ ఎక్కుతూనే నేనన్న మొదటి మాట ఇది. తమ్ముడు చంకకర్రలు రెండూ నా ఒళ్ళో పడేసి, పిండికట్టు ఉన్న కాలు సీటు మీద బారజాపి, "ఊడొస్తే నీ సంచిలో వేసుకో అక్కా. పైన తువ్వాలు కప్పు, ఎవరికీ తెలీదు," అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూసి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు.

పోయిన వారం చదవనివాళ్ళ కోసం కథ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేస్తాను. నా తమ్ముడు గోడల మీద, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు రాస్తాడు. వాడి బతుకంతా నిచ్చెన మీదే. ఎప్పుడో నిచ్చెన జారి పడ్డప్పుడు దెబ్బతిన్న కుడి చీలమండ ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి అరిగి, అడుగు తీసి అడుగు వేస్తే ప్రాణం పోయే దాకా వచ్చింది. నా కూతురు ఎముకల డాక్టరు. అది చాలదన్నట్టు, పాదమూ చీలమండా మాత్రమే నేర్పే పైచదువుకని ఈ ఆసుపత్రిలో చేరింది. దాని గురువుగారిని మేమంతా పెద్ద డాక్టరుగారంటాం. ఆయనే తమ్ముడి అరిగిన కీలు చెక్కేసి, కాలి ఎముకనూ పాదం ఎముకనూ కలిపి స్క్రూలు బిగించారు. ఇక ఆ మడత కదలదు, నొప్పీ ఉండదు. సొంతవాళ్ళ ఆపరేషన్‌లో డాక్టర్లు నిలబడకూడదని ఆయన నియమం. తమ్ముడు మాత్రం "నా మేనకోడలు లోపల లేకపోతే నేను బల్ల ఎక్కను" అని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి కాలు పట్టుకుని నిలబడటం వరకూ ఒప్పుకున్నారు. అన్నీ సవ్యంగానే జరిగాయనుకున్నాం. కట్టు విప్పే రోజు పొద్దున నా కూతురు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆగి, "ఇవాళ నేను అక్కడ ఉండకపోతే ఏమన్నా అవుతుందా అమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోగా మెట్లు దిగిపోయింది.

ఆ మాట తలుచుకుంటూనే టాక్సీ ఎక్కాను.

నాకు భయం పుట్టుకతోనే వచ్చిందంటాడు తమ్ముడు. ఫోను మోగితే ఏ చావు కబురో అనుకుంటాను, మోగకపోతే కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటాను. పది దాటని చదువు నాది. నా కూతురు డాక్టరు చదువులో చేరిన రోజు నుంచీ, అది ఎవరి ప్రాణానికి జవాబు చెప్పాల్సి వస్తుందోనని నాకు ముద్ద దిగదు. "తలకాయతో మొదలెట్టిన చదువు కాలివేళ్ళ దగ్గరికొచ్చింది కదక్కా. ఇంకా కిందికి పోవడానికి చోటు లేదు. పాదం పోతే ప్రాణం పోదు. ఇప్పుడైనా హాయిగా పడుకో," అని వాడు నన్ను ఆటపట్టించేవాడు. నేనూ కాస్త కుదుటపడ్డాను. పాదమే కదా అనుకున్నాను.

కట్టుగదిలో నేల మీద తెల్లటి పిండి మరకలు, ఎన్నిసార్లు తుడిచినా పోనివి. గోడకు కొక్కేలు, వాటికి రకరకాల కత్తెరలు. కట్టు విప్పే ఆయన భారీ మనిషి. తమ్ముడు అప్పటికే ఆయనకు పిండి మేస్త్రీ అని పేరు పెట్టేశాడు. ఆయన గుండ్రటి రంపం ఉన్న మిషను చేతికి తీసుకోగానే నేను అడ్డం వెళ్ళాను.

"అమ్మా, ఇది తోలును కొయ్యదు. చూడండి," అంటూ ఆయన తన అరచేతికే ఆనించుకున్నాడు.

"మీ చెయ్యి వేరు నాయనా. రోజూ అలవాటైపోయి ఉంటుంది."

"అక్కా, నువ్వు బయటికి పో. లేకపోతే ఆయన భయపడి నిజంగానే కోసేస్తాడు."

పోలేదు. కళ్ళు మూసుకుని మిషను రొద విన్నాను. రొద ఆగింది. కట్టు రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల కాలు సన్నగా, పాలిపోయి, పొట్టు రేగి ఉంది.

"ఇది నాదేనా మేస్త్రీ? ఎవరిదో తగిలించెయ్యలేదు గదా?" అన్నాడు తమ్ముడు.

"మీదే. వేళ్ళు ఆడించండి, తెలుస్తుంది."

వేళ్ళు ఆడాయి. నేను గోరువెచ్చటి నీళ్ళతో గుడ్డ తడిపి ఆ కాలు తుడుస్తుంటే పెద్ద డాక్టరుగారు వచ్చారు. జుట్టంతా నెరిసిన మనిషి, గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చీలమండ చుట్టూ వేళ్ళతో నొక్కి చూశారు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశారు. "బాగా అతుక్కుందమ్మా. రాయిలా అతుక్కుంది," అన్నారు. నాకు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. చూశావా, ఊరికే హడలిపోయావు అన్నట్టు తమ్ముడు నా వైపు కళ్ళెగరేశాడు.

నా కూతురు అప్పుడు వచ్చింది. తనతో చదివే డాక్టర్లు ఇద్దరి వెనక, గుమ్మం దాటకుండా నిలబడింది. మావయ్య మొహం చూడలేదు. కాలు కూడా చూడలేదు. చంకకర్రలు ఆనించి ఉన్న గోడ వైపు చూస్తోంది. దాన్ని పురిటినాటి నుంచీ చూస్తున్నాను. ఆకలేసినా, జ్వరమొచ్చినా, అబద్ధమాడినా ఆ మొహం మీద నాకు తెలిసిపోతుంది. ఆ మొహం చూశాక, పొద్దున గుమ్మంలో అది అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది.

"సరే, నడుద్దాం పదండి," అన్నారు పెద్ద డాక్టరుగారు.

ఆయన నేర్పే పద్ధతి గురించి అన్నం దగ్గర నా కూతురు చాలాసార్లు చెప్పింది. కట్టు విప్పిన ప్రతి మనిషినీ వరండాలో నడిపిస్తారు. చదువుకునే డాక్టర్లంతా వరండా చివర నేల మీద గొంతుక్కూర్చోవాలి. మొహం చూడకూడదు, కాళ్ళే చూడాలి. చేతిలో ఎక్స్‌రే ఉండకూడదు. చూసింది చూసినట్టు ఒక్కొక్కరే చెప్పాలి. ఆ ఆపరేషన్‌లో చెయ్యి పెట్టినవాళ్ళది మాత్రం ఆఖరి వంతు. వాళ్ళ కళ్ళు ఉన్నది చూడవట, ఉండాలని కోరుకున్నది చూస్తాయట. పద్ధతి బాగానే ఉందే అనుకునేదాన్ని అప్పట్లో.

పెద్ద కిటికీల వరండా అది. పొద్దుటి ఎండ నేల మీద పలకలు పలకలుగా పడుతోంది. తమ్ముడు ఒట్టి కాళ్ళతో నిలబడ్డాడు. అవతలి కొసన పెద్ద డాక్టరుగారితో సహా నలుగురూ కింద కూర్చున్నారు.

"ఇంతమంది డాక్టర్లు నా కాళ్ళ దగ్గర కూర్చోవడం! అక్కా, ఒక ఫొటో తియ్యవే."

"ముందు పడకుండా నడువు, తర్వాత తీస్తాను."

నడిచాడు. మొదట గోడ పట్టుకుని, తర్వాత వదిలేసి. నేను వాడి మొహమే చూశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మొహంలో నొప్పి లేదు. "లేదక్కా, నొప్పి లేదు!" అని వాడే అరిచాడు. వెనక్కి తిరిగి మళ్ళీ నడిచాడు. మధ్యలో కుడి పాదం బొటనవేలు ఎడమ మడమకు తగిలి తూలాడు. సర్దుకుని, "నేల తడిగా ఉంది," అన్నాడు.

నేల పొడిగానే ఉంది.

పెద్ద డాక్టరుగారు నవ్వలేదు. "చెప్పండి," అన్నారు.

కళ్ళద్దాల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "మడమ బాగా ఆనుతోంది సార్. నొప్పి లేదు. బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"బాగానే సార్."

రెండో అమ్మాయి, ఎప్పుడూ గలగలా మాట్లాడుతుందని నా కూతురు చెప్పే అమ్మాయి, తలెత్తకుండా అంది. "కొంచెం... వేళ్ళు లోపలి వైపు చూస్తున్నాయేమో సార్. అలవాటు మీద సరిపోవచ్చు."

"మనం ఒకరికొకరు మర్యాదలు చేసుకోవడానికి రాలేదు ఇక్కడికి," అన్నారాయన మెల్లగానే. తర్వాత నా కూతురి వైపు తిరిగారు. "నీ వంతు."

అది లేచి నిలబడింది. కూర్చునే చెప్పాలి కదా అనుకున్నాను.

"కాలి వేళ్ళు లోపలికి తిరిగి ఉన్నాయి సార్. అలవాటు మీద సరిపోదు. మోకాలు ముందుకు చూస్తోంది, పాదం ఎడమ కాలి వైపు చూస్తోంది. అడ్డంగా అతుక్కుంది."

తమ్ముడు కిందికి చూసుకున్నాడు. నేనూ చూశాను. అది చెప్పాక తెలుస్తోంది. ఎడమ పాదం ముందుకుంది. కుడిది పక్కింటి గొడవ తొంగి చూస్తున్నట్టు పక్కకు తిరిగి ఉంది.

"మధ్యలో కట్టు మార్చారు కదండీ, అప్పుడు కనపడలేదా?" అన్నాను నేను. ఎవరూ నన్ను అడగలేదు, ఆగలేకపోయాను.

"పడుకోబెట్టి మార్చామమ్మా," అన్నారు పెద్ద డాక్టరుగారు. "ఎక్స్‌రేలో ఎముక అతుక్కుందా లేదా అన్నది తెలుస్తుంది. ఇలా పక్కకు తిరిగిన సంగతి అందులో తెలియదు. నిలబెడితేనే." ఆయన తమ్ముడి దగ్గరికి వచ్చి, నాకూ వాడికీ అర్థమయ్యేలా తన కాలే చూపించారు. పడుకున్న మనిషి కాలు తనంతట తానే బయటికి ఒరుగుతుంది, మోకాలితో సహా. అందుకే స్క్రూ బిగించే ముందు మోకాలి చిప్పకూ పాదానికీ వరస కలిపి చూసుకోవాలి. మోకాలు చూడకుండా పాదాన్ని మాత్రం నిటారుగా పైకప్పు వైపు నిలబెట్టి బిగిస్తే, పడుకున్నప్పుడు సవ్యంగానే కనపడుతుంది. లేచి నడిస్తే ఇలా ఉంటుంది.

"ఆపరేషన్‌లో కాలి మీద కప్పే గుడ్డలు మోకాలి పైదాకా కనపడేట్టు నేనే దగ్గరుండి వేయించాను," అని ఆయన నా కూతురి వైపు చూశారు. "నేను పక్కకు తిరిగి స్క్రూ అందుకునేసరికి గుడ్డ కిందికి జారి ఉంది. వరస కుదిరిందా అని నిన్నడిగాను. కుదిరింది సార్ అన్నావు."

"జారలేదు సార్. నేనే లాగాను."



"ఎందుకు?"

నా కూతురు మొదటిసారి మావయ్య వైపు చూసింది. మొహం వైపు కాదు, మోకాలి వైపు. పంట్లాం మడిచి ఉంది కాబట్టి అక్కడున్న మచ్చ బయటికే ఉంది, నెలవంకలాగా. ఆ మచ్చ సంగతి నాకు తెలుసు. నా కూతురికి మూడో నాలుగో ఏళ్ళప్పుడు తమ్ముడు సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తిప్పుతుంటే ఏదో అడ్డమొచ్చింది. సైకిలు పడిపోయింది. పిల్ల నేలకు తగలకుండా వాడు తన మోకాలు రోడ్డుకు వేశాడు. పిల్ల ఒంటి మీద గీత పడలేదు. ఆ తర్వాత చాలా రోజులు మావయ్య పక్కన పడుకుని, ఆ మచ్చ మీద వేలు పెట్టుకుంటే గాని దానికి నిద్ర పట్టేది కాదు.

"ఆ మచ్చ కనపడుతున్నంతసేపూ అది మావయ్య కాలు సార్," అంది. "నా చేతులు వణికాయి. వణుకుతుంటే పట్టు నిలవదు. కప్పేశాక అది ఒట్టి పాదమయింది. మీరు రోజూ మాకిచ్చే పాదం లాంటిదే. అప్పుడు చెయ్యి నిలిచింది."

పెద్ద డాక్టరుగారు కళ్ళు మూసుకుని తెరిచారు. "పట్టుకున్నది నువ్వు. అడిగింది నేను. అడగడం కాదు, గుడ్డ ఎత్తి చూడాల్సింది కూడా నేనే. సొంతవాళ్ళను దగ్గరికి రానివ్వకూడదన్న నియమం పెట్టిందీ నేనే, తీసేసిందీ నేనే. ఆ సంగతి వేరే మాట్లాడుకుందాం." ఆగి, "ఇది నీకెప్పటినుంచి తెలుసు?" అన్నారు.

"తెలియదు సార్. అనుమానం. మావయ్య ఇంట్లో మంచం మీద పడుకున్నప్పుడల్లా మోకాలు చూసి, కట్టులోంచి బయటికున్న వేళ్ళు చూసేదాన్ని. రోజూ చూశాను. కాదులే అనుకునేదాన్ని. మళ్ళీ మర్నాడు చూసేదాన్ని."

"మొదట్లోనే ఒక్క మాట చెప్పి ఉంటే, ఎముక ఇంకా ముదరకముందే తిప్పేసేవాణ్ణి."

"తెలుసు సార్."

ఆ రెండు ముక్కలు విన్నాక నాకు నా కూతురి మీద కోపం రాలేదు, అదే వింత. దాన్ని కొట్టాలనీ అనిపించలేదు, కావలించుకోవాలనీ అనిపించలేదు. నాకు తట్టిందల్లా ఒకటే. అది నా బిడ్డే. నాకున్న భయమే దానికీ ఉంది. నేనయితే వచ్చింది వచ్చినట్టు నోటితో అనేస్తాను, ఇంటిల్లిపాదీ నవ్వి పారేస్తారు, భయం కాస్త పలచబడుతుంది. అది అనలేదు. చదువుకున్నది కదా, అంటే నిజమైపోతుందని తెలుసు దానికి. లోపల పెట్టుకుని, ఎముకతో పాటు ముదరనిచ్చింది.

తమ్ముడు అప్పటికి గోడ వారగా ఉన్న బల్ల మీద కూలబడ్డాడు. జోకులన్నీ ఎటు పోయాయో. అరచేత్తో కుడి పాదాన్ని పట్టుకుని ముందుకు తిప్పబోయాడు, తలుపు గొళ్ళెం తిప్పినట్టు. అది తిరుగుతుందా? రాయిలా అతుక్కుంది.

"నిచ్చెన ఎక్కగలనా సార్?" అన్నాడు.

పెద్ద డాక్టరుగారు వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ మనిషి ఎవరి ముందూ అలా కూర్చోగా నేను చూడలేదు. "ఇలాగే వదిలేస్తే నేల మీద నడుస్తారు. నొప్పి ఉండదు. నిచ్చెన మెట్టు మీద పాదం సూటిగా పడదు. దిగేటప్పుడు ఒక కాలు ఇంకో కాలికి అడ్డం వస్తుంది. నేనైతే ఎక్కమని చెప్పను. కొన్నేళ్ళు పోతే మోకాలు కూడా అరుగుతుంది." "అతికిన చోట మళ్ళీ కోసి, వరస కలిపి, మళ్ళీ బిగించవచ్చు. మళ్ళీ కట్టు, మళ్ళీ చంకకర్రలు. రెండోసారి ఎముక ఇంత బాగా అతుక్కుంటుందన్న మాట ఇవ్వలేను. కావాలంటే నేను చేస్తాను. నా మీద నమ్మకం పోయిందంటే, చెయ్యి తిరిగిన ఇంకొకరి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఏమీ వద్దంటే అదీ మీ ఇష్టమే. మీరే చెప్పాలి."

"వద్దండీ!" అన్నాను. "అతుక్కున్నదాన్ని మళ్ళీ కొయ్యడమేమిటి? అసలుకే మోసమొస్తే? మళ్ళీ అతుక్కోకపోతే కాలే తీసెయ్యాలంటారేమో. ఒరేయ్, నిచ్చెన పోతే పోయింది, కింద నిలబడి చేసే పని ఏదో ఒకటి చూసుకుందువు గాని. నేను లేనా?"

మామూలుగా అయితే వాడు నా మాట పూర్తి కానివ్వడు, మధ్యలోనే ఏదో ఒకటి విసురుతాడు. ఇప్పుడు విననే లేదు. వరండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎదురుగా ఆసుపత్రి రెండో మేడ గోడ, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. ఎండకు వెలిసిపోయాయి. వాడు అక్షరాలను చూసే చూపు నాకు తెలుసు. ఎక్కడ వంకర పోయిందో, ఎక్కడ రంగు ఇంకో పూత కావాలో మనసులో రాసుకుంటాడు. ఆ గోడ మీద దేన్ని చూస్తున్నాడో గాని, చూపు తిప్పలేదు.

పెద్ద డాక్టరుగారు తొందర పెట్టలేదు. కళ్ళద్దాల డాక్టరు, ఆ అమ్మాయి చడీ చప్పుడూ లేకుండా లోపలికి తప్పుకున్నారు. నా కూతురు మాత్రం ఎక్కడ నిలబడిందో అక్కడే ఉంది. చివరికి రెండడుగులు ముందుకు వేసింది.

"మావయ్యా, ఏదో ఒకటి అను. తిట్టు. నేనీ చదువు మానేస్తాను, ఇంకెవరి కాలూ ముట్టుకోను. నువ్వు మాత్రం ఏదో ఒకటి అను."

అనలేదు.

నేల మీద ఎండ పలకలు గోడ వైపు జరిగాయి. ఎవరో రోగిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్ళారు, మళ్ళీ ఖాళీ కుర్చీతో తిరిగొచ్చారు. తమ్ముడు పంట్లాం మడత విప్పాడు, మోకాలి కిందికి లాగబోయి ఆగి, మళ్ళీ మెల్లగా పైకి మడిచాడు.    

అప్పుడు వాడు కిటికీలోంచి తల తిప్పాడు. పెద్ద డాక్టరుగారితో, "మళ్ళీ కొయ్యండి సార్. మీరే కొయ్యండి," అన్నాడు. తర్వాత మేనకోడలి వైపు చూశాడు.

"మానేస్తానంటే ఊరుకోను. నా కాలు ఖర్చు పెట్టి నేర్చుకున్న చదువు అది. కానీ ఈసారి లోపలికి రావద్దు నువ్వు. బయట తలుపు దగ్గర మీ అమ్మ పక్కన కూర్చో, నన్ను తీసుకొచ్చేదాకా లేవకు. తను భయపడి ఏమేం అంటుందో అన్నీ విను. ఒక్కదానికి కూడా ఏం కాదులే అనకు."